సోరియాసిస్ దురద: ఓర్చుకోవడం ఒక్కటే మార్గమా?

దోమ కుట్టినచోట కాస్త గోక్కుంటే హాయిగా ఉంటుంది. ఆ సంగతి అంతటితో మరచిపోతాం. అయితే గోకినకొద్దీ ఎక్కువయ్యే దురద ఒకటుంది. పగలంతా పనిలో పడి ఎలాగో నెట్టుకొచ్చినా, రాత్రి దీపం ఆర్పి పడుకోగానే అది మొదలవుతుంది. తెల్లవారేసరికి దుప్పటి మీద తెల్లని పొలుసులు, అక్కడక్కడ రక్తపు మరకలు కనిపిస్తాయి. ఇలాంటి దురదను నెలల తరబడి, ఏళ్ల తరబడి భరిస్తున్నవారు మన ఇరుగుపొరుగులోనే ఉండవచ్చు. వారిలో అనేకులను బాధిస్తున్న వ్యాధి పేరు సోరియాసిస్.

“ప్రాణం తీసే జబ్బేమీ కాదుగా, కాస్త ఓర్చుకో” అని ఇంట్లోవాళ్లు అంటారు. రోగి కూడా అలాగే అనుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మచ్చలు చూపిస్తాడే గాని దురద సంగతి చెప్పడు. అలా ఊరుకోవలసిన అవసరం ఉందా? దురదను తగ్గించుకోవడానికి ఏం చేయవచ్చు? ఇన్ని రకాల చికిత్సలలో తనకు తగినదేదో ఒకరు ఎలా నిర్ణయించుకోవాలి?

అసలు ఏం జరుగుతుంది?

మన చర్మం ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి మామూలుగా సుమారు ఒక నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని 3 నుండి 5 రోజులలోనే జరిగిపోతుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చిపడటంతో చర్మం దళసరెక్కి, ఎర్రబడి, వెండిలా మెరిసే పొలుసులు కడుతుంది. చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు ఊదారంగుగానో నల్లగానో కనిపించవచ్చు. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల, గోళ్లు దీనికి ఇష్టమైన చోట్లు.

దీనికి కారణం మురికి కాదు, రక్తం చెడిపోవడమూ కాదు. మనలను రోగాల నుండి కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున చర్మం మీద మంట రేపుతుంది. వంశపారంపర్యంగా ఆ లక్షణం ఉన్నవారిలో గొంతు ఇన్‌ఫెక్షన్, తీవ్రమైన మానసిక ఒత్తిడి, చర్మానికి తగిలిన గాయం, పొగ తాగడం, మద్యం, కొన్ని మందులు దానిని రెచ్చగొట్టవచ్చు. బి.పి.కి వాడే బీటా బ్లాకర్లు, మానసిక వ్యాధికి వాడే లిథియం, మలేరియాకు వాడే క్లోరోక్విన్ అలాంటివే. అయితే వీటిని సొంతంగా మానేయకూడదు. సోరియాసిస్ ఉందని మందు రాసే డాక్టరుకు చెప్పాలి.

సోరియాసిస్ అన్న పేరే గ్రీకు భాషలో దురద అనే అర్థమున్న మాట నుండి వచ్చింది. అయినా ఇది అంతగా దురద పెట్టని జబ్బని వైద్యపుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. రోగులను అడిగి చూసిన తరువాత ఆ అభిప్రాయం మారింది. సోరియాసిస్ ఉన్నవారిలో 60 నుండి 90 శాతం మందికి దురద ఉంటుందని ఇప్పుడు అంచనా. తమను అన్నిటికంటే ఎక్కువ బాధించేది దురదేనని చాలామంది చెబుతారు.

గోకితే ఎందుకు పెరుగుతుంది?

19వ శతాబ్దంలో హైన్రిక్ కోబ్నర్ అనే జర్మన్ చర్మవైద్యుడు ఒక విషయం గమనించాడు. సోరియాసిస్ ఉన్నవారికి చర్మం మీద ఎక్కడ గీరుకుపోయినా, గాయమైనా, కొద్ది రోజులకు సరిగ్గా ఆ గీత వెంబడే కొత్త మచ్చ పుట్టుకొస్తుంది. వైద్యులు నేటికీ దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. గోకడం కూడా గాయమే. గోకితే మచ్చ, మచ్చతో దురద, దురదతో మళ్లీ గోకడం. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

అందుకే “గోకకు” అని పక్కవారు పదేపదే అనడం వల్ల ప్రయోజనం లేదు. గోకాలనిపించడం బలహీనత కాదు, వ్యాధిలో ఒక భాగం. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, అరగదీసి ఉంచుకోండి. దురద పుట్టినప్పుడు గోకడానికి బదులు అరచేతితో గట్టిగా అదిమిపట్టండి, లేదా చల్లని నీటిలో తడిపి పిండిన నూలుగుడ్డను ఐదు పది నిమిషాలు వేసి ఉంచండి. ఐసుముక్కను మాత్రం నేరుగా చర్మం మీద పెట్టవద్దు. రాత్రి నిద్రలో తెలియకుండా గోకేవారు పలుచని నూలు చేతితొడుగులు వేసుకుంటే ఉపశమనం ఉంటుంది.

స్నానం విషయంలో చాలామందికి ఒక అలవాటు ఉంది. దురదగా ఉన్నప్పుడు వేడివేడి నీళ్లు పోసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ ఆ సుఖం కాసేపే. వేడినీరు చర్మంలోని నూనెను కడిగేసి, తరువాత దురదను ఇంకా పెంచుతుంది. గోరువెచ్చని నీళ్లతో, సున్నితమైన సబ్బుతో త్వరగా స్నానం ముగించండి. పీచుతో, రాయితో రుద్ది పొలుసులు ఊడదీయవద్దు. తువ్వాలుతో మెల్లగా అద్దుకుని, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే వాజిలీన్ గాని, వాసన లేని మాయిశ్చరైజరు గాని, పడేవారైతే కొబ్బరినూనె గాని దట్టంగా రాయండి. రోజుకు రెండు మూడుసార్లు ఇలా రాసుకోవడం అతి చౌకైన వైద్యం. చలికాలంలో దీనిని ఒక్క రోజు కూడా మానకూడదు. మన ఎండాకాలంలోనైతే చెమటే దురద పెడుతుంది. వదులైన నూలుబట్టలు కట్టుకోవడం, చెమట పట్టగానే చన్నీళ్లతో తుడుచుకోవడం మంచిది.

సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు వేసుకున్నా దురద తగ్గలేదని కొందరు నిరాశపడతారు. సోరియాసిస్ దురదకు ముఖ్యకారణం అలర్జీలో వెలువడే హిస్టమిన్ కాదు గనుక ఆ మాత్రలు అంతగా పనిచేయవు. మత్తు కలిగించే రకం మాత్ర రాత్రిపూట నిద్రకు తోడ్పడవచ్చు. అయితే అది వేసుకుని బండి నడపకూడదు, వృద్ధులకు డాక్టరు సలహా లేకుండా ఇవ్వకూడదు. దురద పూర్తిగా తగ్గాలంటే సోరియాసిస్ అదుపులోకి రావలసిందే. కాబట్టి చికిత్స గురించి ఆలోచించక తప్పదు.

ముందు ఇది సోరియాసిసేనా?

ఎర్రటి ప్రతి మచ్చా సోరియాసిస్ కాదు. తామర కూడా పొలుసులు కడుతుంది. దానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే మొదట తగ్గినట్టే ఉండి, తరువాత ఒళ్లంతా పాకుతుంది. ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి దురద మొదలైతే గజ్జి కావచ్చు. మందులషాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు పూసి చూసేకంటే ఒకసారి చర్మవ్యాధి నిపుణునికి చూపించడం మేలు. చాలావరకు ఆయన చూడగానే చెప్పగలరు. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

జబ్బు ఎంత తీవ్రమైనదో ఎలా కొలుస్తారు? మన అరచెయ్యి, వేళ్లతో కలిపి, శరీర చర్మంలో సుమారు 1 శాతం ఉంటుంది. మచ్చలన్నీ కలిపితే ఎన్ని అరచేతులంతో చూసుకోవచ్చు. పదికి మించితే తీవ్రమైనదిగా లెక్క. అయితే అది ఒక్కటే కొలత కాదు. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరానికి చెందిన వైద్యులు 10 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. గడచిన వారంలో చర్మవ్యాధి మీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందని అది అడుగుతుంది. అందులో మొట్టమొదటి ప్రశ్న దురద, నొప్పి, మంటల గురించే. మొత్తం 30 మార్కులలో 10 దాటితే, మచ్చలు కొద్దిగానే ఉన్నా ఆ వ్యాధి జీవితాన్ని బాగా దెబ్బతీస్తున్నట్టే. తల, ముఖం, అరచేతులు, అరికాళ్లు, మర్మావయవాల మీద వచ్చినది కొంచెమే అయినా బలమైన చికిత్స అవసరం కావచ్చు.

దీని నుండి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. మీ దురద గురించి మీరు చెప్పకపోతే డాక్టరుకు సగం జబ్బే కనిపిస్తుంది. సున్నా అంటే దురద లేదు, పది అంటే భరించలేను అనుకుని, రోజూ రాత్రి ఒక అంకె క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో కూడా రాయండి. నెల తరువాత ఆ కాగితమే మీ తరపున మాట్లాడుతుంది.

ఏ చికిత్సకు ఏమి ఖరీదు?

ఇక్కడ ఖరీదంటే డబ్బు ఒక్కటే కాదు. సమయం, ప్రయాణం, రక్తపరీక్షలు, దుష్ఫలితాల భయం, ఇవన్నీ ఖరీదే.

పైపూత మందులు. మచ్చలు తక్కువగా ఉంటే వీటితోనే మొదలుపెడతారు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు, డి విటమిన్ జాతికి చెందిన కాల్సిపొట్రయాల్, కోల్‌తార్, పొలుసులను మెత్తబరిచే సాలిసిలిక్ ఆమ్లం ముఖ్యమైనవి. స్టెరాయిడ్ దురదను త్వరగా తగ్గిస్తుంది. అందుకే దానిని ఆపకుండా పూసేవారున్నారు. నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడి చారలు పడుతుంది. ముఖం మీద, చంకల్లో, గజ్జల్లో అది మరీ త్వరగా జరుగుతుంది. ఎంత రాయాలన్నదానికి ఒక గుర్తుంది. చూపుడువేలి కొన నుండి మొదటి కణుపు వరకు పిండిన మందు, రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది.

కాంతి చికిత్స. 311 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ కిరణాలను ఒంటి మీద కొద్ది నిమిషాలు పడనిస్తారు. మచ్చలతోపాటు దురద కూడా తగ్గుతుంది. రక్తపరీక్షలతో పనిలేదు, గర్భిణులకు కూడా ఇవ్వవచ్చు. అయితే వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలలపాటు ఆ యంత్రమున్న ఆసుపత్రికి వెళ్లాలి. పట్నంలో ఉన్నవారికి ఇది తేలిక. 60 కిలోమీటర్ల నుండి బస్సులో వచ్చే కూలిమనిషికి వారానికి మూడు రోజుల కూలి పోతుంది. ఇంటి దగ్గర ఎండలో నిలబడితే చాలదా అని అడుగుతారు. కాస్త ఎండ చాలామందికి మేలే చేస్తుంది. కానీ చర్మం కమిలితే అది కూడా గాయమే, అక్కడే కొత్త మచ్చలు లేస్తాయి.

మెథోట్రెక్సేట్ మాత్రలు. తీవ్రమైన సోరియాసిస్‌కు మన దేశంలో ఎక్కువగా వాడే, చౌకైన మందు ఇది. దీనికీ తెలుగు నేలకూ ఒక సంబంధముంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన ఆయన బృందమే, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను కూడా రూపొందించింది. వాటి ఉద్దేశం క్యాన్సర్‌తో పోరాటం. సుబ్బారావుగారు 1948లో కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్ వాడినవారికి సోరియాసిస్ మచ్చలు తగ్గుతున్నాయని అమెరికా వైద్యులు ప్రకటించారు. తరువాత దాని స్థానంలో మెథోట్రెక్సేట్ వాడుకలోకి వచ్చింది.

ఈ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. ఈ మాటను మరచిపోవద్దు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. వారంలో ఏ రోజో డాక్టరు చేతనే చీటీ మీద రాయించుకుని, ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచాలి. దీనితోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. కాలేయానికీ రక్తకణాలకూ హాని జరగకుండా ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు చేయించాలి. మద్యం ముట్టకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాడకూడదు. పిల్లలు కావాలనుకుంటున్న దంపతులు, భార్య అయినా భర్త అయినా, ముందే డాక్టరుతో మాట్లాడాలి. గుణం కనిపించడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

ఇతర మాత్రలు. సైక్లోస్పోరిన్ త్వరగా పనిచేస్తుంది, కానీ మూత్రపిండాలనూ బి.పి.నీ కనిపెట్టుకుని ఉండాలి. అసిట్రెటిన్ వాడిన స్త్రీ అది మానిన తరువాత కూడా మూడు సంవత్సరాల వరకు గర్భం ధరించకూడదు. అందువల్ల పెళ్లి కావలసిన అమ్మాయికి, పిల్లలు కనే వయసులో ఉన్న గృహిణికి అది సాధారణంగా ఇవ్వరు. అప్రిమిలాస్ట్ అనే మాత్రకు పరీక్షలు అంతగా అవసరం లేదు, కొందరికి మొదట్లో వికారం, విరేచనాలు అవుతాయి.

బయోలాజిక్ ఇంజక్షన్లు. వ్యాధిని రేపే ప్రత్యేకమైన రసాయన సంకేతాలనే ఇవి అడ్డుకుంటాయి. మిగతావాటికి లొంగని తీవ్రమైన సోరియాసిస్‌కు ఇవి బాగా పనిచేస్తాయి. మచ్చలు పూర్తిగా పోకముందే దురద తగ్గిందని చాలామంది అంటారు. వీటిలో అడాలిముమాబ్ అనే మందుకు మన దేశంలో తయారైన రూపం 2014లో వచ్చింది. ధర కొంత దిగినా ఇవి ఇంకా సామాన్య కుటుంబానికి భారమే. పైగా కొన్నిటివల్ల ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనే ప్రమాదముంది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయించిన తరువాతే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే బలమైనదే అందరికీ మంచిదని గాని, భయం లేనిదే సరిపోతుందని గాని అనలేం. అదే జబ్బు ఉన్న ఇద్దరికి వేర్వేరు చికిత్సలు సరైనవి కావచ్చు. కొత్తగా పెళ్లయిన యువతికి కాంతి చికిత్స తగినది కావచ్చు. ఆసుపత్రికి దూరంగా ఉన్న, మద్యం అలవాటు లేని యాభై ఏళ్ల రైతుకు వారానికోసారి మాత్ర తగినది కావచ్చు.

రెండు ప్రమాదాలు

మొదటిది, స్టెరాయిడ్ మాత్రలు, ఇంజక్షన్లు. వేసిన కొద్ది రోజులకే ఒళ్లు శుభ్రపడినట్టు కనిపించవచ్చు. ఆపగానే జబ్బు మునుపటికంటే ఉధృతంగా తిరగబడవచ్చు. ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలడం, చీముపొక్కులు లేవడం, జ్వరం, వణుకు వస్తే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

రెండవది, “వేళ్లతో సహా నయం చేస్తాం” అంటూ పేరు లేని పొడులు, లేహ్యాలు ఇచ్చేవారు. అలాంటి మందులలో స్టెరాయిడ్లు, పాదరసం, ఆర్సెనిక్ బయటపడిన సందర్భాలున్నాయి. సోరియాసిస్‌ను శాశ్వతంగా పోగొట్టే మందు ఇప్పటికి లేదు. అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నాయి. బి.పి., చక్కెర వ్యాధులతో కూడా మనం అలాగే జీవిస్తున్నాము కదా!

ఉదయం లేవగానే వేళ్లు, మడమలు, నడుము అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. సోరియాసిస్ ఉన్నవారిలో కొందరికి కీళ్లవాతం వస్తుంది. ఆలస్యమైతే కీళ్లు వంకరపోతాయి. దానినిబట్టి చికిత్స కూడా మారుతుంది.

కుటుంబం ఏం చేయగలదు?

“అదేమన్నా అంటుకునే జబ్బా వదినా?” అని పక్కింటావిడ అడిగినప్పుడు ఆ ఇల్లాలికి దురదకంటే ఎక్కువ బాధ కలుగుతుంది. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, పిల్లలను ఎత్తుకున్నా ఎవరికీ అంటదు.

ఈ భయానికి పాత చరిత్ర ఉంది. సోరియాసిస్‌ను శతాబ్దాలపాటు కుష్ఠుతో కలిపి చూశారు. కుష్ఠురోగులని ముద్రవేసి వెలివేసినవారిలో కొందరు సోరియాసిస్ రోగులై ఉంటారని చరిత్రకారులు అంటారు. 1841లో వియన్నాకు చెందిన ఫెర్డినాండ్ హెబ్రా అనే వైద్యుడు ఈ రెండూ వేరని స్పష్టపరిచాడు. లేవీయకాండము 13వ అధ్యాయంలో మన బైబిలు కుష్ఠు అని చెప్పినచోట ఉన్న హెబ్రీ మాట కూడా నేటి కుష్ఠువ్యాధి ఒక్కదానికే చెందినది కాదు. బట్టల మీద, ఇంటి గోడల మీద పట్టే బూజులాంటి దానికి కూడా లేవీయకాండములో అదే మాట వాడబడింది. కాబట్టి ఆ అధ్యాయం చూపించి ఎవరినీ దూరం పెట్టవద్దు. ఇది ఫలానా పాపానికి శిక్ష అని చెప్పి, దురదతో నిద్రలేనివారికి మరో భారం తగిలించవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూడా 2014లో సోరియాసిస్ రోగుల పట్ల వివక్షను రూపుమాపాలని తీర్మానించాయి.

చేతికి అందని వీపు మీద మందు రాసిపెట్టడం, మాత్ర వేసుకునే రోజు గుర్తుచేయడం, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లడం, ఇవి చిన్న పనులే. కానీ రోగికి ఎంతో ధైర్యమిస్తాయి. ఎవరితోనూ కలవకుండా, ఎప్పుడూ దిగులుగా, బ్రతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడుతుంటే దానిని తేలికగా తీసుకోవద్దు. ఆ సంగతి కూడా వైద్యునికి చెప్పాలి.

డాక్టరును అడగవలసినవి

ఈసారి వెళ్లేముందు ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకోండి:

• ఈ చికిత్సతో దురద ఎన్నాళ్లకు తగ్గుతుంది?
• ఎంతకాలం వాడాలి? మధ్యలో ఆపితే ఏమవుతుంది?
• ఏ పరీక్షలు, ఎన్నాళ్లకోసారి చేయించాలి?
• పిల్లలు కావాలనుకుంటున్నాము, లేక పాలిస్తున్నాను. ఇది వాడవచ్చా?
• నేను వాడుతున్న ఇతర మందులతో ఇది పడుతుందా?
• నెలకు ఖర్చెంత? ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యేది ఉందా?
• ఏ లక్షణం కనిపిస్తే వెంటనే మీ దగ్గరకు రావాలి?

జవాబులు విన్న తరువాత ఇంటికి వచ్చి ఒకటి రెండు రోజులు ఆలోచించుకుని చెబుతానన్నా తప్పులేదు. మంచి వైద్యుడు దానికి నొచ్చుకోడు. మొదలుపెట్టిన తరువాత మాత్రం చెప్పినంతకాలం ఓపికగా వాడండి. మూడు నాలుగు నెలలైనా క్యాలెండరు మీది అంకె దిగకపోతే మళ్లీ వెళ్లి అడగండి. ఒక మందు పనిచేయనంత మాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఓర్పు మంచిదే. అయితే తగ్గించుకోగల బాధను మౌనంగా మోయడం కంటే, తగిన చికిత్స దొరికేదాకా అడుగుతూ ఉండటంలోనే ఆ ఓర్పును చూపించండి.